అనువృత్తియు, ననుక్రమణియు, వార్తికమును: పాతవ్యాసములను నిలుపుకొను విధము

నూఱేండ్లకు మించిన కాలమునుండి మన భాషలో సాహిత్యపరిశోధనపత్రికలు వెలువడుచున్నవి. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు చెన్నపురిలో స్థాపింపఁబడి తనపేరిటఁ బత్రికను నడపినది. 1924లో భారతి యారంభమై 1991వఱకు నడచినది. ఇట్టి పత్రికలయందు శాసనములు, తాళపత్రగ్రంథములు, కవుల కాలములు, వ్యాకరణచ్ఛందోవిషయములు మున్నగువానిని గుఱించి మహాపండితులు వ్రాసిన వ్యాసము లనేకములు గలవు. ఒక్కొక్క వ్యాసము వెనుక నేండ్లకొలఁది పరిశ్రమ గలదు. ఐనను నేఁడొక యువకుఁడు విషయ మొకదానిని దీసికొని వ్రాయఁబూనెనేని, దానిని గుఱించి మునుపెవ్వ రేమి వ్రాసిరో తెలిసికొనుట కాతనికి సుగమమైన మార్గము లేదు. తెలియమిచేత నిర్ణీతమైన విషయమే యనిర్ణీతమువలెఁ జర్చింపఁబడుచున్నది. ఖండింపఁబడిన వాదమే సిద్ధాంతమువలె నుదాహరింపఁబడుచున్నది.

పాతసంచికలు చెదలకు నాహుతి యగుచున్నవని మనము వగచుచున్నాము. అది వగవఁదగినదే. కాని చెదలకుఁ జిక్కక నిలిచిన సంచికలును జాలవఱకు మృతప్రాయములై యున్నవి. రక్షణము వేఱు, జీవనము వేఱు. బీరువాలో భద్రముగా నుండి యెవ్వరికిని దొరకని వ్యాసమును, దొరకినను దాని తరువాత నేమి జరిగెనో తెలుపని వ్యాసమును జీవించియున్న వని చెప్పఁజాలము. ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁబూనిన యంశ మొక్కటియే: పాతవ్రాఁతకుఁ బ్రాణము వెనుకటివారు దానికిఁ గట్టిన సంబంధములు. ఆ సంబంధములు కట్టు విద్య మనకుఁ గ్రొత్తది గాదు. పాణినీయసంప్రదాయ మించుమించు రెండువేలయైదువందల యేండ్లుగా నొక చిన్న సూత్రగ్రంథమును జీవింపఁజేసికొనుచున్న తెఱఁగే యందులకు నిదర్శనము. ఆ తెఱఁగును బరిశీలించి, మన పత్రికలకు దానినుండి గ్రహింపఁదగినదానిని గ్రహింతము.

1. గ్రంథమాత్రావశేషము

భర్తృహరి వాక్యపదీయమున రెండవకాండము తుదిని వ్యాకరణాగమచరిత్రము సంగ్రహముగాఁ జెప్పఁబడినది. వ్యాడి రచించిన సంగ్రహము సంక్షేపమునందే ప్రీతిగల వైయాకరణుల చేతఁబడి యస్తమించెననియు, పిమ్మటఁ బతంజలి మహాభాష్యమును రచించెననియు, ఆ భాష్యసంప్రదాయము శిష్యపరంపరనుండి జాఱిపోయి కొంతకాలము దాక్షిణాత్యులయందు గ్రంథరూపమున మాత్రము నిలిచెననియు, తరువాతఁ జంద్రాచార్యాదులు పర్వతమునుండి యాగమమును బడసి దానినిఁ బెక్కుశాఖలుగా మరల వ్యాపింపఁజేసిరనియు నట నున్నది. ఆ పర్వతమును టీకాకారుఁడు త్రిలింగదేశసంబంధిగా వివరించుట మనకు విశేషముగా స్మరణీయము.

ఇట విచారింపవలసిన దేమనఁగా, గ్రంథము పోలేదు. ఆకులమీఁద నక్షరము లన్నియు నున్నవి. మఱి పోయిన దేది? ఏ వాక్యము పూర్వపక్షమో, ఏ వాక్యమేకదేశిమతమో, ఏది సిద్ధాంతమో తెలుపు సంబంధము పోయినది. మహాభాష్యము సంవాదరూపమున నున్న గ్రంథము. సంబంధ మెఱుఁగనివాఁడు పూర్వపక్షవాక్యమును దెచ్చి భాష్యకారుని మతమని చూపవచ్చును. అట్టివానిచేతిలో గ్రంథ ముండుట లేకుండుటకంటె నొక్కొకయెడ నెక్కువ యపాయము.

మన పాతసంచికల స్థితియు నిట్టిదే. ఒక సంచికలో నొక వాదము గలదు. రెండేండ్లకు వేఱొక సంచికలో దానికి ఖండనము గలదు. ఆపై నింకొక సంచికలో సమాధానము గలదు. మూఁడును మూఁడు సంపుటములలోఁ జెదరియున్నవి. మొదటిది మాత్రము చేతఁబడినవాఁడు దానినే సిద్ధాంతముగా నెంచును. మూఁడవది మాత్రము చేతఁబడినవాఁడు వివాద మేమో యెఱుఁగక తికమకపడును.

2. అనువృత్తి

అష్టాధ్యాయి యెనిమిది యధ్యాయములు, ముప్పదిరెండు పాదములు, నించుమించు నాలుగువేల సూత్రములు గలది. అంత శాస్త్ర మింత స్వల్పగ్రంథమున నిముడుటకుఁ బ్రధానకారణములు అనువృత్తియు నధికారమును. గుణసంధిని విధించు 6.1.87 సూత్రమును దీసికొందము. అందున్నవి రెండే పదములు. అవర్ణమునకుఁ బిమ్మట గుణము వచ్చునని మాత్రమే వాని యర్థము. ఏది పరమైనప్పుడు? అచ్చు పరమైనప్పుడని 6.1.77నుండి వచ్చును. ఏ విషయమున? సంహితావిషయమున నని 6.1.72నుండి వచ్చును. దేనికి మాఱుగా? పూర్వపరములు రెంటికిని గలిపి యొక్కటియే యాదేశమని 6.1.84నుండి వచ్చును. ఈ మూఁడును జేరినఁగాని దేవేంద్రశబ్దము సిద్ధింపదు. సూత్రమును దాని స్థానమునుండి పెఱికి యొంటరిగా నిలిపినచో నది యర్థరహితమగును.

దీనినుండి మూఁడంశములు తేలుచున్నవి.

మొదటిది: ఒక వాక్యమునకుఁ గావలసిన పదము ఆ వాక్యములోనే యుండవలె నను నియమము లేదు. 6.1.87లో అచ్చును జెప్పు పదము లేదు. అచ్చు పరమైనప్పుడు కలుగు కార్యము లెవ్వి యని యక్షరములను బట్టి వెదకువాని కీ సూత్రము దొరకదు. అనువృత్తి యెఱిఁగినవానికే దొరకును. ఈ మాటతో మరలఁ బని గలుగును.

రెండవది: సంబంధచిహ్నములు గ్రంథముకంటె ముందుగా నశించును. అధికారము స్వరితచిహ్నముచేతఁ దెలియవలెనని 1.3.11 చెప్పుచున్నది. ఆ స్వరితములు మనకు వచ్చిన సూత్రపాఠమున నిలువలేదు. సూత్రములు నిలిచినవి, ఏ పద మెందాఁక నడచునో తెలుపు గుఱుతులు పోయినవి. కావుననే ఏ పదమున కెందాఁక ననువృత్తియో వ్యాఖ్యాతలు నోటఁ జెప్పవలసివచ్చినది. కొన్నియెడల వారిలో వారికే భేదము గలిగినది. ఒక గుఱుతు నిలుపనందున నెన్ని తరముల పరిశ్రమ యధికమైనదో పండితు లెఱుఁగుదురు.

మూఁడవది: అనువృత్తి సామీప్యముపై నాధారపడిన సంబంధము. క్రమము చెడనంతవఱకే యది పనిచేయును. మన వ్యాసకర్తలు "గతసంచికలో", "పైవ్యాసమున", "ఇటీవల", "ఈ నడుమ దొరకిన శాసనము" అని వ్రాయుచుందురు. సంచిక వెలువడిన నెలలో నీ మాటలు సుగమములు. ఏఁబదియేండ్లకు, వ్యాసము విడిపత్రమై యొకని చేతఁబడినప్పుడు, గతసంచిక యేది? ఇటీవల యనఁగా నెప్పుడు? ఇవి స్వరితములు పోయిన యధికారములవంటివి. వ్రాయునప్పుడే సంపుటము, సంచిక, పుట, సంవత్సరము చెప్పినచో నీ క్లేశము లేదు. అది యొక పంక్తి పని.

3. స్థానక్రమమును విషయక్రమమును

క్రీస్తుశకము ఏడవశతాబ్దిలో జయాదిత్యవామనులు రచించిన కాశిక సూత్రక్రమమునే యనుసరించినది. రూపావతారమున ధర్మకీర్తియు, ప్రక్రియాకౌముదిలో రామచంద్రుఁడును, పదునేడవశతాబ్దిలో సిద్ధాంతకౌముదియందు భట్టోజిదీక్షితుఁడును విషయక్రమమును జేపట్టిరి. సంధికిఁ గావలసిన సూత్రము లొకయెడ, సుబంతములకుఁ గావలసిన వొకయెడ, తిఙంతములకుఁ గావలసిన వొకయెడఁ గూర్పఁబడినవి. ఒక రూపమును సాధింపఁగోరు విద్యార్థి కిది మహోపకారము. ఆఱవయధ్యాయమున నొకటి, ఎనిమిదవయధ్యాయమున నొకటిగా నున్న సూత్రములు వాని చేతికి నొక్కచోట నందినవి.

కాని యీ లాభమునకు వెల లేకపోలేదు. సూత్రము స్థానము మాఱఁగానే యనువృత్తి తెగిపోయినది. అందుచేతఁ గౌముదీకారుఁడు ప్రతిసూత్రవృత్తిలోను ననువృత్తపదములను విప్పి చెప్పవలసినవాఁ డయ్యెను. మఱియు, త్రిపాదియందలి శాస్త్రము పూర్వశాస్త్రదృష్టిలో నసిద్ధమని 8.2.1 చెప్పుచుండఁగా, ఏ సూత్రము ముందో యేది వెనుకయో తెలియనిదే రూపమే తప్పును. కావున నచ్చుపుస్తకములలోఁ గౌముదీసూత్రము ప్రక్క నష్టాధ్యాయీసంఖ్యను వేయు నాచార మేర్పడినది. విషయక్రమమునఁ జదువుచున్నను స్థానక్రమము కంటియెదుట నుండును. ఈ రెంటి కూర్పే సర్వోత్తమము.

ఇప్పుడు మన వ్యాససంపుటములను జూడుఁడు. పత్రికలలోఁ జెదరిన వ్యాసములను విషయమును బట్టి కూర్చి పుస్తకముగా వేయుట కౌముదీకార్యమే, మిక్కిలి శ్లాఘ్యము. కాని పెక్కు సంపుటములలో నే వ్యాస మే పత్రికలో నే సంవత్సరమునఁ బ్రకటింపఁబడెనో తెలుపు పంక్తి యుండదు. సూత్రసంఖ్య లేని కౌముది యది. సంవత్సరము తెలియనందున వ్యాసకర్త యొక శాసనమును జూచి త్రోసిపుచ్చెనో, అది బయటఁబడకమునుపే వ్రాసెనో పాఠకుఁ డెఱుఁగఁజాలఁడు. కాలము తెలియని వ్యాసమునకుఁ గర్తపట్ల నన్యాయము చేయకుండ నర్థము చెప్పుట యసాధ్యము.

4. అనుక్రమణి

వెదకువానికి దారి చూపుట కనుక్రమణి. ఇందును మన పూర్వులే ముందున్నారు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋక్సంహితలోని ప్రతిసూక్తమునకుఁ దొలిపదమును, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును దెలుపుచున్నది. వాలఖిల్యములతోఁ గూడ 1028 సూక్తములకు నిట్లు పలుదారు లేర్పడినవి. ఋషిని బట్టి వెదకవచ్చును. దేవతను బట్టి వెదకవచ్చును. ఛందస్సును బట్టి వెదకవచ్చును. ఒక్క వస్తువునకుఁ బెక్కు ద్వారము లుండవలె ననుటయే యనుక్రమణీరహస్యము.

నవీనకాలమున బోట్లింగు పండితుఁడు 1887లో లైప్‌జిగు నగరమునఁ బ్రకటించిన పాణినీయమునకు సూచికలను గూర్చెను. పుణ్యపత్తనమున భాండార్కరుపరిశోధనసంస్థవా రిర్వురు శాస్త్రులచేఁ గూర్పించి, మహాభాష్యమునకు 1927లోను, సూత్రపాఠాదులకు 1935లోను పదసూచులను బ్రకటించిరి. ఈ సూచులను గూర్చినవారు క్రొత్తసిద్ధాంత మొక్కటియుఁ జెప్పలేదు. ఐనను వారి పరిశ్రమచేతఁ బ్రయోజనము పొందని వైయాకరణుఁడు నేఁ డరుదు. ఆఫ్రెక్టు పండితుఁడు 1891, 1896, 1903 సంవత్సరములలో మూఁడు భాగములుగాఁ బ్రకటించిన సంస్కృతగ్రంథకర్తృసూచియు నిట్టిదే. దానిని విస్తరించు పనిని మద్రాసు విశ్వవిద్యాలయము పూని ప్రథమసంపుటమును 1949లో వెలువరించినది.

మన పత్రికలకు సూచి వేయువా రెదుర్కొను ప్రత్యేకక్లేశము పేళ్లది. ఒకే యూరు బెజవాడ యనియు, విజయవాడ యనియు వ్రాయఁబడును. ఒకే నగరము చెన్నపురి, మద్రాసు, చెన్నై యని మూఁడుపేళ్లతో నుండును. జినవల్లభుని కందపద్యములు గల కరీంనగరుప్రాంతపు శాసనము ఒకరి వ్యాసమునఁ గుర్క్యాలశాసనము, ఒకరి వ్యాసమునఁ గురిక్యాలశాసనము, వేఱొకరి వ్యాసమున బొమ్మలగుట్టశాసనము. అద్దంకిశాసనమునందలి సేనాని పండరంగఁడు గాను, పాండురంగఁడు గానుఁ గనఁబడును. ఒక పేరు క్రిందనే పుటసంఖ్యలు వేసి, తక్కిన పేళ్లయెదుట "దీనిని జూడుఁడు" అని దారి చూపనిచో సగము వ్యాసములు చీఁకటిలోఁ బడును.

ఈ సందర్భమున శాస్త్రములోని రెండు పక్షములు స్మరింపఁదగినవి. సంజ్ఞాపరిభాషలు తమ స్థానముననే యుండి యర్థ మిచ్చునని యథోద్దేశపక్షము. కార్య మెచ్చట విధింపఁబడునో యచ్చటికే యవి చేరునని కార్యకాలపక్షము. సూచి యథోద్దేశము: పాతవ్యాసము తనచోటనే యుండును, జిజ్ఞాసువే సూచిని జూచి దాని కడకుఁ బోవును. క్రొత్తవ్యాసములో నిచ్చిన యుల్లేఖము కార్యకాలము: పాతవ్యాసమే పని గలిగిన చోటికి వచ్చి నిలుచును. సూచిని జూచువారు కొందఱు; క్రొత్తవ్యాసమును జదువువా రందఱు. కావున రెండు పక్షములును మనకు నిష్టములే.

5. వార్తికము

ఇంతవఱకు వ్యాసమును దొరకించుకొను విధము చెప్పఁబడినది. దొరకిన వ్యాసము నేఁటికిఁ బనికివచ్చునా యనునది వేఱుప్రశ్న. దానికి సమాధానము వార్తికము.

ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును విచారించునది వార్తికమని శాస్త్రజ్ఞులు లక్షణము చెప్పుదురు. పాతవ్రాఁతకు వెనుకటివారు చేయవలసిన పనులు నీ మూఁడే. చెప్పినది సరియేని దానికి బలము చేకూర్చుట. చెప్పక విడిచినదానిని బూరించుట. సరిగాఁ జెప్పనిదానిని సవరించుట.

ఉదాహరణము. నన్నయకుఁ బూర్వము తెలుఁగుపద్యమునకు జాడ లేదని వ్రాసిన పాతవ్యాస మొకటి యున్నదనుకొందము. యుద్ధమల్లుని బెజవాడశాసనమున మధ్యాక్కరలు గలవు. క్రీ.శ. 848 నాఁటి దని యెన్నఁబడుచున్న పండరంగని యద్దంకిశాసనమునఁ దరువోజ గలదు. పదియవశతాబ్దిది యగు జినవల్లభుని శాసనమునఁ గందములు గలవు. ఈ మూఁటి జాడ తెలుపని సూచిని బట్టి యా వ్యాసమును జదివిన విద్యార్థి పాఠశాలలో నదే చెప్పును; వాని శిష్యులు నదే చెప్పుదురు. అట్లని యా వ్యాసమును గాల్చివేయవలెనా? అందు నన్నయభాషను గుఱించి వ్రాసిన పుటలు నేఁటికిని బ్రమాణములు గావచ్చును. దాని ప్రక్క నొక చిన్న వార్తికము చాలును: "కాలవిచారభాగమునకు ఫలానిసంపుటమున ఫలానిపుటను జూడుఁడు, భాషావిచారభాగము యథాతథము."

వార్తికము మూలముతోఁ గలిసిపోఁగూడదు. ఇది మిక్కిలి ముఖ్యము. కాత్యాయనుని వార్తికములు మహాభాష్యమున వేఱుగా గుఱుతింపఁదగియే నిలిచినవి. కాని కాశికలోని సూత్రపాఠమునందుఁ గొన్ని వార్తికాంశములు సూత్రములలోనే చొచ్చియున్నవి. 1880 మొదలు 1885వఱకు మహాభాష్యమును బరిష్కరించి ప్రకటించిన కీల్‌హారను పండితుఁడు, కాత్యాయనపతంజలు లెఱిఁగిన సూత్రపాఠముతోఁ గాశికాపాఠమును బోల్చి 1887లో నీ సంగతిని వెల్లడించెను. సవరించినవారి యుద్దేశము మంచిదే. శాస్త్రము సంపూర్ణము కావలె ననియే వారి కోరిక. ఐనను ఫలితముగాఁ బాణిని చెప్పిన దేది, కాత్యాయనుఁడు చేర్చిన దేది యను వివేకము కొంత చెడినది. పాతవ్యాసమును బునర్ముద్రించునప్పుడు చెప్పకుండ దిద్దువారు నిదే చేయుచున్నారు.

ప్రత్యాఖ్యానమును జూడుఁడు. భాష్యకారుఁడు కొన్ని సూత్రములు చేయకున్నను జెల్లునని తేల్చెను. ఐనను నా సూత్రములను బాఠమునుండి యెవ్వరును దొలఁగింపలేదు. నేఁటికిని మనము వానిని వల్లించుచునే యున్నాము. వానితోఁబాటు ప్రత్యాఖ్యానమును జదువుచున్నాము. మునులలో నుత్తరోత్తరుని మాట యధికప్రమాణ మను నిర్ణయమును, పూర్వుని మాట చెఱుపరా దను నాచారమును గలిసి నడచుచున్నవి. ఇంతకంటె నుదారమైన పద్ధతి మఱియొకటి లేదు.

తెలుఁగునను దీనికి నిదర్శనము గలదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము పది పరిచ్ఛేదములు గలది. అందుఁ జెప్పఁబడని లక్షణములను బహుజనపల్లి సీతారామాచార్యులు వేఱుగాఁ గూర్చి త్రిలింగలక్షణశేష మని పేరిడెను. అదియే ప్రౌఢవ్యాకరణమని ప్రసిద్ధి కెక్కినది. ఆయన బాలవ్యాకరణసూత్రములను దిద్దలేదు. శేషమును శేషముగానే నిలిపెను. అందుచేత రెండు గ్రంథములును నిలిచినవి. ఒకదానిని జదివినవాఁడు రెండవదానిని వెదకుచున్నాఁడు. శేషమను పేరే దారి చూపుచున్నది.

6. శంకాసమాధానములు

ఇట నొక శంక: పాతసంచికలకు నేఁడు ఛాయాప్రతులు తీసి కంప్యూటరులలో నుంచుచున్నారు, కావలసిన పదము నిచ్చినచో యంత్రమే వెదకి యిచ్చును, ఇంక సూచి యేల, వార్తిక మేల?

సమాధానము: ఛాయాప్రతి యెంతయు నుపకారకము, దూరదేశముల నున్న తెలుఁగువారికి సయిత మది పాతసంచికను జేర్చుచున్నది. కాని ఛాయాప్రతి పటము మాత్రమే. అందలి యక్షరములను యంత్రము గుర్తించినఁగాని వెదకుట పొసఁగదు. పాతయచ్చులోని యరసున్నలు, శకటరేఫములు, వలపలగిలకలు యంత్రమునకుఁ దఱచుగాఁ దప్పిపోవును. ఒకవేళ సరిగా గుర్తించినను, "వరకు" అని వెదకినవానికి "వఱకు" అని యున్న పుట తనంత దొరకదు. సంధిచేతఁ బదాదియక్షరము మాఱిన చోట్ల సంగతి చెప్పనక్కఱలేదు. ఇవి యెన్నఁడో తీఱఁదగిన చిక్కులే యనుకొందము. అప్పటికిని 6.1.87 విషయమునఁ జెప్పిన చిక్కు తీఱదు. యంత్రము వ్రాయఁబడిన యక్షరమును వెదకును. అనువృత్తమైన యర్థమును వెదకదు. ఒక వ్యాసము ఖండింపఁబడెనన్న సంగతి యా వ్యాసములోని యక్షరములలో లేదు, ఉండఁజాలదు. అది వెనుకటి వ్యాసమున నున్నది. ఆ రెంటిని ముడివేయుటకు రెంటిని జదివిన మనుష్యుఁడు కావలయును.

రెండవ శంక: నూఱేండ్ల సంచికల కన్నిటికి వార్తికము వ్రాయుట సాధ్యమా?

సమాధానము: అన్నిటికి నక్కఱలేదు. మహాభాష్యకారుఁ డన్ని సూత్రములను వ్యాఖ్యానింపలేదు, విచారార్హములనే యెన్నుకొనెను. సూచిలో స్థానము ప్రతివ్యాసమునకు నుండవలెను. వార్తికము మాత్రము తఱచుగా నుదాహరింపఁబడువానికిని, పాఠ్యగ్రంథముల కెక్కినవానికిని, ఖండితములై యుండియు సిద్ధాంతములుగాఁ జెల్లుచున్నవానికిని ముందుగాఁ జేయవలెను. తక్కినవి తమవంతు వచ్చువఱకు శాంతముగా నుండవచ్చును.

మూఁడవ శంక: ఉత్తరోత్తరము ప్రమాణమేని పూర్వవ్యాసమును జదువనేల?

సమాధానము: వార్తికము సూత్రము లేక యర్థము కాదు. ఖండనమును మాత్రము చదివినవాఁడు ఖండింపఁబడినదానిని ఖండించినవాని మాటలలోనే యెఱుఁగును. అది న్యాయము గాదు. పూర్వులు తప్పినచోటఁ గూడ వా రెట్టి సామగ్రితో నెంతదూరము పోఁగలిగిరో తెలిసికొనుట విద్యార్థికి గొప్ప పాఠము.

7. కర్తవ్యము

కావునఁ బత్రికాధిపతులును, వ్యాసకర్తలును, పాఠశాలల పండితులును దలకొక పని చేపట్టినచో నీ కార్యము సులభసాధ్యము.

వ్యాసకర్త చేయవలసినది: తన విషయమును గుఱించిన పూర్వవ్యాసములను సంపుటము, సంచిక, పుట, సంవత్సరములతో నుదాహరించుట, దినములు గడచినకొలఁది యర్థము కోలుపోవు "గతసంచిక", "ఇటీవల" మున్నగు మాటలను విడుచుట, తాను పూర్వమతమును బలపఱచుచున్నాఁడో, పూరించుచున్నాఁడో, సవరించుచున్నాఁడో మొదటనే తెలుపుట.

పత్రికాధిపతి చేయవలసినది: సంవత్సరాంతసంచికలో నొక సూచిని, దానితో నొక వార్తికపత్రమును జేర్చుట. ఆ యేఁటి వ్యాసములచేత నే పాతవ్యాసము లెట్లు సోఁకఁబడినవో పాతవ్యాసముల క్రమమున నందుఁ జూపవలెను. వైయాకరణులు పరసూత్రమునందలి పదమును బూర్వసూత్రమునకుఁ దెచ్చుకొనుటను అపకర్ష మందురు. క్రొత్తవ్యాసము పాతదానిని బేర్కొనుట యనువృత్తివంటిది. పాతదాని పేరున వార్తికపత్రములోఁ గ్రొత్తదానిని బేర్కొనుట యపకర్షము. ఒకవైపు దారి యుండి రెండవవైపు లేకున్నచో వెనుకకుఁ బోయినవాఁడు మరల ముందునకు రాఁజాలఁడు. ఏఁటేఁట నాలుగైదు పుటలకు మించని పని యిది. నూఱేండ్లు నిలువఁజేసినచో నెవ్వరికిని మోయరాని భారమగును. పునర్ముద్రణమునఁ దొలిప్రకటనసంవత్సరము వేయకుండ నే వ్యాసమును విడువరాదు. మూలములో నక్షరము మార్చినచోఁ గుండలీకరణచిహ్నములలోఁ జూపవలెను.

పాఠశాలపండితులు చేయవలసినది: తమ గ్రంథాలయమున నే పత్రికయొక్క యే సంపుటము లున్నవో పట్టిక వ్రాసి యుంచుట, విద్యార్థులచే సంవత్సరమున కొక సంపుటము చొప్పున వ్యాసనామములు, కర్తలు, పేర్కొనఁబడిన గ్రంథములు, శాసనములు, ఊళ్లు ఎత్తి వ్రాయించుట. అరసున్నయు శకటరేఫమును నేఁటి విద్యార్థికిఁ బరిచయమగుట కింతకంటె మంచి యభ్యాసము లేదు. ఛాయాప్రతి గలచోట నదే పట్టిక యంత్రమునకును వాడుకొనవచ్చును. ఒక్కొక్క పేరునకు నేఁటివ్రాఁతను, నాఁటివ్రాఁతను రెంటిని గూర్చినఁ జాలును.

వ్యాడి సంగ్రహ మెంత మహాగ్రంథమో మన మెఱుఁగుట యితరులు దానిని బేర్కొన్నందుననే. దాని వెనుక నిలిచినవారు లేకపోయిరి, అది పోయినది. పాణినీయము సూత్రములలో నిమిడిన చిన్నగ్రంథము. దాని వెనుకఁ గాత్యాయనుఁడు, పతంజలి, జయాదిత్యవామనులు, కైయటుఁడు, భట్టోజి, నాగేశుఁడు వరుసగా నిలిచిరి. ప్రతివాఁడును దనకు ముందువానిని బేరుపెట్టి పలుకరించెను. మన పరిషత్పత్రికలలో వ్రాసి గతించిన పండితులకుఁ బ్రతిమలు, జయంత్యుత్సవములు గావింపఁబడుచున్నవి, మంచిదే. కాని వ్రాసినవానికి నిజమైన యర్చన వాని వ్రాఁతకు మాఱు పలుకుట. ఏ సంచిక యారంభించినను మొదటివ్యాసము తుదిపంక్తి క్రింద నొక పూర్వవ్యాసము జాడ తెలుపఁబడునట్లు సంపాదకులు నియమ మేర్పఱుతురు గాక. విద్వాంసు లీ పద్ధతిలోని గుణదోషములను విచారించి, చెప్పనిదానిని బూరించి, సరిగాఁ జెప్పనిదానిని సవరింతురు గాక.